కిడ్నీ గడ్డ బయాప్సీ: క్లియర్ సెల్ క్యాన్సరా, ఇన్ఫెక్షన్ గడ్డా? స్లైడ్ మీద మీ సలహా కావాలి

బెజవాడ_పీజీ · సోమవారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. విజయవాడలో పాథాలజీ పీజీ చేస్తున్నాను. ఒక కేసులో మా డిపార్ట్‌మెంట్‌లోనే రెండు అభిప్రాయాలు వచ్చాయి. ఇక్కడ సీనియర్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. పేషెంట్‌ని గుర్తుపట్టే వివరాలేవీ రాయడం లేదు.

యాభై దాటిన ఆవిడ. షుగర్ ఉంది. కీళ్లవాతానికి చాలా కాలంగా స్టెరాయిడ్, మెథోట్రెక్సేట్ వాడుతున్నారు. మాటిమాటికీ మూత్రంలో మంట, చలిజ్వరం. కల్చర్ చేసిన ప్రతిసారీ ఈ.కోలై బ్యాక్టీరియా. ఇప్పుడు సీటీలో ఎడమ కిడ్నీ పైభాగాన 6 సెం.మీ. గడ్డ కనిపించింది. కాంట్రాస్ట్ పెద్దగా తీసుకోలేదు. రిపోర్టులో క్యాన్సర్ అనుమానం అని రాశారు. కిడ్నీలో రాయి లేదు. కిడ్నీ తీసేసే ముందు నీడిల్ బయాప్సీ చేసి మాకు పంపారు.

హెచ్ అండ్ ఈ (మామూలుగా వేసే రంగు) స్లైడ్‌లో పెద్ద పెద్ద కణాలు పరుచుకున్నట్టు ఉన్నాయి. సైటోప్లాజం నిండుగా ఉంది, న్యూక్లియస్ చిన్నగా, గుండ్రంగా ఉంది. వాటి మధ్య లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు, అక్కడక్కడా న్యూట్రోఫిల్స్. మామూలు ట్యూబ్యూల్స్ ఒక అంచున తప్ప లేవు. ఒక మేడమ్ లో గ్రేడ్ క్లియర్ సెల్ కార్సినోమా (కిడ్నీ క్యాన్సర్‌లో ఒక రకం) కావచ్చన్నారు. ఇంకొక సార్ జాంతోగ్రాన్యులోమేటస్ పైలోనెఫ్రైటిస్ (దీర్ఘకాలిక ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే గడ్డ) అన్నారు. ఇమ్యునో (యాంటీబాడీ మార్కర్లతో కణం రకం తేల్చే పరీక్ష) బయట చేయించాలి, ఆ ఖర్చు పేషెంట్ వాళ్లే పెట్టుకోవాలి. అందుకే తక్కువ మార్కర్లతో తేల్చే దారి చెప్పండి.

కొత్తపేట_పాథ్ · సోమవారం రాత్రి 10:02

గుంటూరు నుంచి రాస్తున్నానమ్మా. కేసు బాగా రాశావు. స్టెరాయిడ్, మెథోట్రెక్సేట్ సంగతి రిక్విజిషన్ ఫారంలో ఉందా, నువ్వు అడిగి తెలుసుకున్నావా? మనకొచ్చే ఫారాల్లో సగానికి "కిడ్నీ మాస్, బయాప్సీ" అని తప్ప ఇంకేమీ ఉండదు. ఈ కేసులో మాత్రం ఆ మందుల పేర్లే కీలకం కావచ్చు.

మార్కర్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు అదే స్లైడ్‌ని మళ్లీ తీసి లో పవర్‌లో పెట్టు. క్లియర్ సెల్ కార్సినోమా అయితే కణాలు చిన్న చిన్న గూళ్లుగా విడిపోయి ఉంటాయి. ఆ గూళ్ల చుట్టూ సన్నని రక్తనాళాలు వలలా అల్లుకుని ఉంటాయి. ఆ వల ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. తర్వాత హై పవర్‌కి వెళ్లి కణం అంచు చూడు. కార్సినోమాలో అంచు గీత గీసినట్టు స్పష్టంగా ఉంటుంది, లోపల ఖాళీగా, తెల్లగా కనిపిస్తుంది. అందులో ఉన్న గ్లైకోజెన్ (కణంలో నిలవుండే చక్కెర), కొవ్వు ప్రాసెసింగ్‌లో కరిగిపోవడం వల్లే ఆ తెలుపు. మ్యాక్రోఫేజ్ (క్రిముల్ని మింగే రక్షణ కణం) అయితే అంచు అంత తేటగా ఉండదు. లోపల పూర్తి ఖాళీ కాకుండా సన్నని బుడగలు, నురగ కనిపిస్తాయి.

ఇంకో మాట. సైటోప్లాజం నిండుగా ఉందన్నావు, రంగు చెప్పలేదు. నురగలా తెల్లగా ఉందా, లేక గులాబీ రంగులో రవ్వ రవ్వగా ఉందా? ఈ తేడా నాకు చాలా ముఖ్యం.

మంగళగిరి_యూరో · సోమవారం రాత్రి 10:40

యూరాలజీ వైపు నుంచి ఒక మాట. జాంతోగ్రాన్యులోమేటస్ పైలోనెఫ్రైటిస్ అంటే మాకు వెంటనే తట్టేది రాయి. ఎక్కువ కేసుల్లో స్టాగ్‌హార్న్ రాయి కిడ్నీ మొత్తం కొమ్మలు వేసుకుని, మూత్రం దారి మూసుకుపోయి, లోపల ఇన్ఫెక్షన్ ఏళ్ల తరబడి నిలవుండి ఉంటుంది. కల్చర్‌లో ప్రోటియస్ లేదా ఈ.కోలై వస్తుంది. కిడ్నీ అప్పటికే పనిచేయడం మానేసి ఉంటుంది. సీటీలో ఉబ్బిన కేలిసెస్‌ని (కిడ్నీలో మూత్రం చేరే గదుల్ని) చూసి ఎలుగుబంటి పాదం గుర్తు అంటారు. దీర్ఘకాలిక కిడ్నీ ఇన్ఫెక్షన్లలో ఇది నూటికి ఒకటి కూడా ఉండదు. మన జిల్లాల్లో రాళ్ల కేసులు చూసి చూసి ఉన్న వాళ్లకి మాత్రం మరీ కొత్తదేం కాదు.

కిడ్నీలో ఒక భాగానికే పరిమితమయ్యే ఫోకల్ రకం కూడా ఉంది. అది రాయి లేకుండా కూడా రావచ్చు. క్యాన్సర్ అనుకునేది ఎక్కువగా ఈ రకాన్నే. కాబట్టి రాయి లేదన్న ఒక్క కారణంతో దాన్ని కొట్టేయలేం. అయినా రాయి లేదు, అడ్డు లేదు, పేషెంట్ ఇమ్యూనిటీ తగ్గించే మందుల మీద ఉన్నారు అంటే ఇంకేదో ఉందేమోనని వెతకాలి.

బయాప్సీ చేయించిన డాక్టర్‌ని మెచ్చుకోవాలి. పనిచేయని కిడ్నీ, పెద్ద రాయి, చీము ఉంటే మేం బయాప్సీ కోసం ఆగం. ఎలాగూ తీసేయాలి. ఈవిడ కిడ్నీ పనిచేస్తోంది కాబట్టి ఆగడమే సరైన పని.

తెనాలి_అబ్బాయి · మంగళవారం ఉదయం 6:55

డాక్టర్ గార్లకు నమస్కారం. నేను వైద్యం చదివినవాణ్ణి కాదు. పైన రాసిన పేరు చూసి ఆగిపోయాను. మా అమ్మకి ఈ మధ్యే గుంటూరులో కుడి కిడ్నీ తీసేశారు. లోపల పెద్ద రాయి ఉంది. స్కాన్ చూసి క్యాన్సర్ కావచ్చన్నారు, ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. ఇప్పుడు బయాప్సీ రిపోర్టులో అదే జాంతోగ్రాన్యులోమేటస్ అని ఉంది. కింద "నో ఎవిడెన్స్ ఆఫ్ మాలిగ్నెన్సీ ఇన్ ద సెక్షన్స్ స్టడీడ్" అని రాశారు. "చూసిన సెక్షన్లలో" అంటే చూడని వాటిలో ఉండొచ్చనా? చాలా టెన్షన్‌గా ఉంది. చెప్పగలరా?

కొత్తపేట_పాథ్ · మంగళవారం ఉదయం 7:30

తెనాలి తమ్ముడూ, ముందు భయం తగ్గించుకో. జాంతోగ్రాన్యులోమేటస్ పైలోనెఫ్రైటిస్ క్యాన్సర్ కాదు. చాలా కాలం ఉండిపోయిన ఇన్ఫెక్షన్‌తో పోరాడి, కొవ్వు మింగి ఉబ్బిన మ్యాక్రోఫేజ్‌లు పోగుపడి గడ్డ కట్టడం అది. పసుపు రంగులో ముద్దగా ఉంటుంది. క్లియర్ సెల్ క్యాన్సర్ కూడా పసుపుగానే ఉంటుంది కాబట్టి కంటితో, స్కాన్‌తో పొరపడే అవకాశం ఎక్కువ. 1916లో ష్లాగెన్‌హౌఫర్ దీన్ని మొదట వర్ణించినప్పటి నుంచీ ఉన్న ఇబ్బందే ఇది.

ఆ వాక్యం గురించి. తీసిన కిడ్నీ మొత్తాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టలేం. గ్రాసింగ్ టేబుల్ మీద కోసి, అనుమానం ఉన్న చోట్ల నుంచి చిన్న ముక్కలు తీసి మైనంలో పెట్టి బ్లాకులు చేస్తాం. అందుకే ప్రతి పాథాలజిస్టూ ఆ మాట రాస్తారు. అది దాచిపెట్టిన చెడ్డ కబురు కాదు.

అయినా నీ ప్రశ్నలో అర్థం ఉంది. రాయి ఏళ్ల తరబడి ఒకే చోట ఒరుసుకుంటే కిడ్నీ పెల్విస్ (మూత్రం పోగయ్యే భాగం) లోపలి పొర మారిపోయి, కొద్దిమందిలో అక్కడ స్క్వామస్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్ రావచ్చు. ఈ జబ్బుతో పాటే కిడ్నీ క్యాన్సర్ దొరికిన కేసులూ వైద్య సాహిత్యంలో ఉన్నాయి. కాబట్టి రిపోర్టులో పెల్విస్ నుంచి, యురేటర్ (మూత్రనాళం) కోసిన అంచు నుంచి సెక్షన్లు తీసినట్టు రాశారేమో చూడు. రాసి ఉంటే నిశ్చింతగా ఉండు. లేకపోతే ఆ పాథాలజిస్ట్ గారినే మర్యాదగా అడుగు. మిగిలిన కిడ్నీ ముక్కలు కొంతకాలం ఫార్మలిన్‌లో దాచే ఉంచుతారు, అడిగితే ఇంకో రెండు ముక్కలు తీసి చూస్తారు. ఆలస్యం చేయకు, గడువు దాటితే పారేస్తారు.

బ్రాడీపేట_ల్యాబ్‌టెక్ · మంగళవారం ఉదయం 8:15

పీజీ మేడమ్‌కి, హిస్టో టెక్నీషియన్‌గా ఒక విన్నపం. నీడిల్ బయాప్సీ అంటే దారం ముక్కంత టిష్యూ. బ్లాక్‌ని మళ్లీ మళ్లీ మెషీన్ మీద పెడితే ప్రతిసారీ ట్రిమ్మింగ్‌లోనే సగం పోతుంది. స్పెషల్ స్టెయిన్ ఒకటి ఈ రోజు, ఇంకొకటి రేపు అని అడగొద్దు. ఒకేసారి కూర్చుని పది పన్నెండు సెక్షన్లు స్టెయిన్ చేయకుండా తీయించి పెట్టుకోండి. అందులో నాలుగైదు ఇమ్యునో కోసం కోటెడ్ స్లైడ్ల మీద తీయించండి.

ఖర్చు గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను. మొదట పీఏఎస్ స్టెయిన్, డయాస్టేస్ (గ్లైకోజెన్‌ని కరిగించే ఎంజైమ్) పెట్టిన పీఏఎస్ రెండూ పక్కపక్కన చేయించండి. గ్లైకోజెన్ ఉంటే మొదటిదాంట్లో ఎర్రగా వచ్చి రెండోదాంట్లో మాయమవుతుంది. అంటే క్లియర్ సెల్ వైపు మొగ్గు. రెండింట్లోనూ ఎరుపు నిలిచి ఉంటే అది గ్లైకోజెన్ కాదు. డయాస్టేస్ పొడి లేకపోతే పాత టెక్నీషియన్లు ఉమ్మితోనే చేసేవాళ్లు. అందులోని ఎంజైమ్ అదే పని చేస్తుంది. చిన్న ల్యాబ్‌లలో ఇప్పటికీ పనికొచ్చే పద్ధతి.

బెజవాడ_పీజీ · బుధవారం రాత్రి 8:45

అందరికీ చాలా థాంక్స్. మందుల సంగతి ఫారంలో లేదు మేడమ్, వార్డుకి వెళ్లి కేస్ షీట్ చూసి రాసుకున్నాను.

స్లైడ్ మళ్లీ చూశాను. రక్తనాళాల వల ఎక్కడా లేదు. సైటోప్లాజం మీరు చెప్పిన రెండో రకంగానే ఉంది: గులాబీ రంగు, రవ్వ రవ్వగా. నురగ కణాలు ఉన్నాయి కానీ చాలా తక్కువ. కొలెస్టరాల్ సందులు లేవు, జెయింట్ సెల్స్ లేవు, కేసియేషన్ (క్షయలో కనిపించే జున్నులాంటి కుళ్లు) లేదు.

టెక్నీషియన్ అన్న చెప్పినట్టు పీఏఎస్ రెండు రకాలుగా చేయించాను. డయాస్టేస్ తర్వాత కూడా కణాల్లో ఎర్రటి రవ్వలు అలాగే ఉన్నాయి. వాటితో పాటు కొన్ని కణాల లోపల గుండ్రటి బిళ్లలు కనిపిస్తున్నాయి, కొన్ని కణాల బయట కూడా. న్యూక్లియస్ కంటే కొంచెం అటూ ఇటూ సైజు. వాటికి మధ్యలో చుక్క, చుట్టూ వలయం. హెచ్ అండ్ ఈలో వెతికితే లేత నీలంగా దొరికాయి. మొదట చూసినప్పుడు న్యూక్లియస్ అనుకునేలా ఉన్నాయి. ఇవి అవేనా?

కొత్తపేట_పాథ్ · బుధవారం రాత్రి 9:20

నేను అనుమానించింది సరిగ్గా దాన్నే. క్యారమ్ బోర్డు మధ్యలో గీసిన వలయాల్లా ఒకదానిలో ఒకటి ఉంటే అవి మిషేలిస్–గుట్‌మాన్ బాడీలు. సాధారణంగా 5 నుంచి 10 మైక్రాన్లు. చుట్టూ ఉన్న గులాబీ రంగు రవ్వ కణాలను ఫాన్ హాన్సెమాన్ కణాలంటారు. ఈ రెండూ కలిస్తే అది మలకోప్లాకియా, క్యాన్సర్ కాదు. మిషేలిస్, గుట్‌మాన్ 1902లో, హాన్సెమాన్ 1903లో రాశారు. నూట ఇరవై ఏళ్లు దాటినా దీన్ని ఖాయం చేసేది ఇప్పటికీ మైక్రోస్కోపే.

ఎలా వస్తుందో అర్థమైతే ఎప్పటికీ మర్చిపోవు. మ్యాక్రోఫేజ్ ఈ.కోలైని మింగుతుంది. మింగింది సరే, లోపల లైసోసోమ్‌లో పూర్తిగా అరిగించుకోలేదు. ఆ సగం అరిగిన బ్యాక్టీరియా ముక్కల మీద కాల్షియం, ఇనుము పేరుకుంటాయి. అవే నువ్వు చూస్తున్న బిళ్లలు. స్టెరాయిడ్లు, ఇమ్యూనిటీ తగ్గించే మందులు, షుగర్, అవయవ మార్పిడి, ఇలాంటి వాటిలో మ్యాక్రోఫేజ్ బలం తగ్గుతుంది. అందుకే నిన్ను మొదటే మందుల గురించి అడిగాను. ఎక్కువగా వచ్చేది మూత్రాశయంలో, ఆడవాళ్లలో ఎక్కువ. కిడ్నీలో వస్తే స్కాన్‌లో అచ్చం ట్యూమర్‌లా ఉంటుంది, కొందరికి రెండు కిడ్నీల్లోనూ వస్తుంది.

ఇక నిర్ధారణకి ఫాన్ కోసా, పెర్ల్స్ స్టెయిన్లు చేయించు. కాల్షియం నల్లగా, ఇనుము నీలంగా రావాలి. అక్కడితో ఆగకు. మన దగ్గర మ్యాక్రోఫేజ్‌లు నిండిన గడ్డ కనిపిస్తే క్షయని కొట్టేయకుండా సంతకం పెట్టకూడదు. క్షయ క్రిముల కోసం జీల్–నీల్సన్ స్టెయిన్ చేయించు. మూత్రం సీబీ నాట్‌కి (క్షయ క్రిమి జన్యువు పట్టే పరీక్ష) పంపమను. పేషెంట్ స్టెరాయిడ్ మీద ఉన్నారు కాబట్టి మ్యాక్రోఫేజ్‌లలో దాక్కునే హిస్టోప్లాస్మా అనే ఫంగస్ కోసం జీఎంఎస్ స్టెయిన్ కూడా చూడు.

బ్రాడీపేట_ల్యాబ్‌టెక్ · బుధవారం రాత్రి 10:05

ఫాన్ కోసా చేసేవాళ్లకి: 5 శాతం సిల్వర్ నైట్రేట్ వేసి మంచి వెలుతురులో పెట్టాలి. మన బెజవాడ ఎండ చాలు, కిటికీ దగ్గర పెట్టి మధ్యమధ్యలో చూసుకోండి. కాల్షియం నల్లబడ్డాక డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, సోడియం థయోసల్ఫేట్ వేసి, న్యూక్లియర్ ఫాస్ట్ రెడ్‌తో ముగించండి. సిల్వర్‌కి ముందు కుళాయి నీళ్లు, బోరు నీళ్లు వాడొద్దు. వాటిలోని క్లోరైడ్‌తో సిల్వర్ తెల్లగా పేరుకుని స్లైడ్ పాడవుతుంది. పెర్ల్స్‌కి కూడా డిస్టిల్డ్ వాటరే, నీళ్లలో ఇనుము ఉంటే దొంగ నీలం వస్తుంది.

ఇంతకంటే ముఖ్యమైనది ఫార్మలిన్. బఫర్ లేనిది, డబ్బాలో నెలల తరబడి నిలవున్నది ఆమ్లంగా మారిపోతుంది. అందులో వేసిన టిష్యూలో చిన్న చిన్న కాల్షియం కరిగిపోవచ్చు. జబ్బు ఉన్నా ఫాన్ కోసా నెగటివ్ వస్తుంది. పైగా గోధుమ నలుపు ఫార్మలిన్ పిగ్మెంట్ పడి కన్‌ఫ్యూజ్ చేస్తుంది. ప్రతి బ్యాచ్‌తోనూ కాల్షియం ఉందని తెలిసిన టిష్యూని కంట్రోల్‌గా పెట్టండి. కంట్రోల్ లేని నెగటివ్‌ని నమ్మొద్దు. ఆపరేషన్ థియేటర్ వాళ్లకి చిన్న డబ్బాల్లో బఫర్డ్ ఫార్మలిన్ మీరే నింపి ఇస్తే ఈ గొడవే ఉండదు.

ఆంకో_పాథ్_గుంటూరు · గురువారం ఉదయం 7:10

మేడమ్ చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే క్యాన్సర్ అనుమానంతో వచ్చిన బయాప్సీలో ఇమ్యునో లేకుండా రిపోర్టు ఇవ్వడం నాకు ఇష్టం లేదు. బిళ్లలు కనిపించినా సరే. మలకోప్లాకియా పక్కనే కార్సినోమా ఉన్న కేసులు అరుదుగా ఉన్నాయి, సూది ఒక పక్కనే గుచ్చి ఉండొచ్చు.

తక్కువ మార్కర్లు అంటే రెండు చాలు: సీడీ68 లేదా సీడీ163లో ఒకటి, పీఏఎక్స్8 ఒకటి. మ్యాక్రోఫేజ్‌లు మొదటిదానికి పాజిటివ్, రెండోదానికి నెగటివ్. కిడ్నీ కార్సినోమా కణాల న్యూక్లియస్‌లో పీఏఎక్స్8 వెలుగుతుంది. రెండు చోట్ల జాగ్రత్త. బయాప్సీలో మిగిలిన మామూలు ట్యూబ్యూల్స్‌కి పీఏఎక్స్8 రావాలి, రాకపోతే టెస్టే పనిచేయలేదని అర్థం. పాలీక్లోనల్ యాంటీబాడీ అయితే బీ లింఫోసైట్లు కూడా వెలుగుతాయి. ఇన్‌ఫ్లమేషన్ ఉన్న చోట ఆ చుక్కలు చూసి కార్సినోమా అనుకోవద్దు. ఏ కణం వెలిగిందో చూడాలి, ఎన్ని వెలిగాయో కాదు. విమెంటిన్ అడగొద్దు. రెండింట్లోనూ వస్తుంది, డబ్బు దండగ.

కొత్తపేట_పాథ్ · గురువారం ఉదయం 7:45

ఒప్పుకుంటాను. ఆ రెండు మార్కర్లూ సమంజసమే. కాకపోతే వరుస నాకు ముఖ్యం. స్పెషల్ స్టెయిన్లు ముందు, ఇమ్యునో తర్వాత. సీడీ68 పాజిటివ్ అంటే మ్యాక్రోఫేజ్ అని తెలుస్తుంది, అంతే. అది జాంతోగ్రాన్యులోమేటసా, మలకోప్లాకియానా, క్షయా అన్నది చెప్పదు. ఇమ్యునో రిపోర్టు చూసి "క్యాన్సర్ కాదు, జాంతోగ్రాన్యులోమేటస్" అని అక్కడితో ఆపేస్తే కాపాడుకోగల కిడ్నీ పోతుంది.

పిడుగురాళ్ల_పీజీ · గురువారం మధ్యాహ్నం 1:20

నాదొక సందేహం. బిళ్లలు ఎంత వెతికినా దొరక్కపోతే? ప్లాస్మా కణాలు ఎక్కువ ఉంటే ఐజీజీ4 జబ్బు (ఐజీజీ4 అనే యాంటీబాడీ తయారుచేసే ప్లాస్మా కణాలు పోగై గడ్డ కట్టే జబ్బు) అనుకోవచ్చా?

ఆంకో_పాథ్_గుంటూరు · గురువారం మధ్యాహ్నం 2:05

మంచి ప్రశ్నలు. మలకోప్లాకియా తొలి దశలో హాన్సెమాన్ కణాలే ఉంటాయి, బిళ్లలు ఇంకా తయారై ఉండవు. అప్పుడు పేషెంట్ మందులు, కల్చర్, స్కాన్ అన్నీ రాసి, అనుమానం అని స్పష్టంగా చెప్పి, ఇంకో బయాప్సీ అడగాలి.

ప్లాస్మా కణాలు కనిపించినంత మాత్రాన ఐజీజీ4 కాదు. ఫైబ్రోసిస్ సుడులు తిరిగినట్టు ఉండాలి, సిరలు మూసుకుపోయి కనిపించాలి, మొత్తం ఐజీజీ ప్లాస్మా కణాల్లో ఐజీజీ4వి 40 శాతం దాటాలి. న్యూట్రోఫిల్స్ ఇన్ని ఉంటే నేను ఆ వైపు వెళ్లను. దానికి స్టెరాయిడ్ ఇస్తారు. మలకోప్లాకియా ఉన్నవాళ్లకి పొరపాటున స్టెరాయిడ్ పెంచితే ఏమవుతుందో ఆలోచించండి.

బెజవాడ_పీజీ · తర్వాతి బుధవారం రాత్రి 9:00

రిజల్ట్స్ వచ్చాయి. ఫాన్ కోసాలో బిళ్లలు నల్లగా, వలయాలతో సహా స్పష్టంగా వచ్చాయి. పెర్ల్స్‌లో కొన్ని మాత్రమే నీలం. జీల్–నీల్సన్, జీఎంఎస్ నెగటివ్, సీబీ నాట్ నెగటివ్. సీడీ163 పాజిటివ్. పీఏఎక్స్8 అంచున ఉన్న ట్యూబ్యూల్స్‌లో మాత్రమే వచ్చింది, గడ్డ కణాల్లో లేదు. మా ఇద్దరు సీనియర్లూ కలిసి కూర్చుని చూసి మలకోప్లాకియా అని రిపోర్టు ఇచ్చారు. గడ్డ మొత్తం శాంపిల్ కాలేదు కాబట్టి స్కాన్‌తో ఫాలో అప్ అవసరమని కింద రాశారు. ఫోన్ చేసి యూరాలజిస్ట్‌తో కూడా మాట్లాడారు. సర్జరీ ఆపేశారు.

మంగళగిరి_యూరో · తర్వాతి బుధవారం రాత్రి 9:35

చాలా సంతోషం. ఇక ట్రీట్‌మెంట్ యాంటీబయాటిక్స్. మ్యాక్రోఫేజ్ లోపలికి వెళ్లగలిగే మందే కావాలి: ఫ్లోరోక్వినలోన్లు, కోట్రైమాక్సజోల్ ఆ రకం. మన దగ్గర ఈ.కోలైకి సిప్రోఫ్లాక్సాసిన్ పనిచేయని కేసులు చాలా ఎక్కువ. కాబట్టి కల్చర్ సెన్సిటివిటీ చూసే ఎంచుకోవాలి. ఐదు రోజుల కోర్సు కాదు, వారాల నుంచి నెలల దాకా పడుతుంది. అయితే మెథోట్రెక్సేట్ వాడుతున్న వాళ్లకి కోట్రైమాక్సజోల్ కలిపితే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఈ కేసులో ఇది తప్పక గుర్తుంచుకోవాలి. కీళ్లవాతం డాక్టర్‌తో మాట్లాడి ఇమ్యూనిటీ మందులు వీలైనంత తగ్గించాలి. స్టెరాయిడ్ మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. పేషెంట్‌కి ఈ మాట విడిగా చెప్పండి. "ఆ మందు వల్లే వచ్చిందట" అని విని ఇంటికెళ్లి మానేసేవాళ్లు ఉన్నారు. గడ్డ తగ్గకపోతే మళ్లీ బయాప్సీ.

తెనాలి_అబ్బాయి · తర్వాతి గురువారం ఉదయం 8:20

డాక్టర్ గారూ, మీరు చెప్పినట్టే వెళ్లి అడిగాను. విసుక్కోకుండా కూర్చోబెట్టి చెప్పారు. పెల్విస్ నుంచి సెక్షన్ తీశారట, రిపోర్టులో రాయలేదంతే. ఇంకో రెండు ముక్కలు కూడా తీసి చూస్తామన్నారు. అమ్మకి మిగిలిన కిడ్నీ గురించి ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? బ్లాకులు మేం తెచ్చుకుని దాచుకోవాలా?

మంగళగిరి_యూరో · తర్వాతి గురువారం ఉదయం 9:05

బ్లాకులు ల్యాబ్‌లోనే భద్రం, ఇంట్లో ఎండకి మైనం కరుగుతుంది. బ్లాక్ నంబర్ ఉన్న రిపోర్టు జిరాక్స్ ఫైల్‌లో పెట్టుకోండి, అవసరమైతే ఆ నంబర్ చెప్పి అడగొచ్చు. తీసిన రాయిని ఎనాలిసిస్‌కి పంపారేమో కనుక్కోండి. రెండో కిడ్నీలో రాయి లేదని అల్ట్రాసౌండ్‌తో చూపించుకోండి. క్రియాటినిన్, మూత్రం కల్చర్ డాక్టర్ చెప్పిన తేదీల్లో చేయించండి. ఒళ్లు నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు ఇక వద్దు. నీళ్లు ఎంత తాగాలో అమ్మగారి బీపీ, గుండె చూసి మీ డాక్టరే చెప్పాలి, ఆయన్నే అడగండి.